మంగ్లి సంతకం పెట్టని వాల్వులు

పాల్వంచలో రేకుల షెడ్ల వరుసలో నాలుగోది బాలకృష్ణ వర్క్‌షాపు. అక్కడ వాల్వులు తయారవుతాయి. ఇంట్లో నీళ్లకు నల్లా ఎలాగో, ఫ్యాక్టరీల్లో ఆవిరికీ నూనెకీ యాసిడ్‌కీ వాల్వు అలాగ. తిప్పితే పారాలి, మూస్తే ఆగాలి. మూసినా ఆగలేదంటే మాత్రం మంగ్లి ఊరుకోదు.

"నీ మొకం మండ, మళ్ల ఏడుస్తున్నవా? నిన్న గంత మంచిగ తుడిచి పెడితిని గదనే!" అని కారే వాల్వును తిట్టి, ఎర్ర సుద్దముక్కతో దాని మీద అడ్డగీత కొట్టి పక్కన పెడుతుంది. లేతు మిషన్ల దగ్గర ఉన్నవాళ్లు నవ్వుకుంటారు. ఆ తిట్లు వినబడ్డాయంటే ఎవరో ఒకరికి పని మళ్లీ మొదటికి వచ్చినట్టే.

బానోతు మంగ్లికి నలభై నాలుగేళ్లు. కిన్నెరసాని పోయే దారిలో రేగులతండా ఆమె ఊరు. పద్దెనిమిదేళ్ల కిందట ఆ వర్క్‌షాపుకు ఊడవడానికి వచ్చింది. మిషన్ల కింద రాలిన ఇనుప చుట్టలను గంపకెత్తి బయట పోయడం ఆమె పని. అప్పట్లో టెస్టింగు బల్ల దగ్గర ఒక ముసలాయన ఉండేవాడు. వాల్వు మూసి, లోపల నీళ్లు నింపి, పంపుతో ఒత్తిడి పెంచి, గడియారం లాంటి గేజీలో సూది కదులుతుందా లేదా అని చూస్తూ కూర్చునేవాడు. సూది కిందికి జారిందంటే వాల్వు ఎక్కడో కారుతున్నట్టు. ఆయనకు శుక్లాలు వచ్చాయి. ఆ సంగతి యజమానికి తెలిస్తే పని పోతుందని భయం. ఊడుస్తున్న మంగ్లిని గుట్టుగా పిలిచి, "బిడ్డా, సూది ఏ అంకె మీదున్నదో జర చెప్పు" అనేవాడు. మంగ్లి చెప్పేది. ఏడో తరగతిలో బడి మానేసిన పిల్ల, అంకెలు మరిచిపోలేదు. అలా రెండేళ్లు ఆయనకు కళ్లుగా ఉండి, ఆయన ఇంటికి పోయే నాటికి ఆ బల్ల ముందు కూర్చునే పనంతా నేర్చేసుకుంది.

బాలకృష్ణ తండ్రి పోయాక షెడ్డు బాధ్యత ఆయన మీద పడింది. మనిషి మంచివాడే, ఇట్టే కోపం, ఇట్టే నవ్వు. "టెస్టు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేటోళ్లు కనీసం పదో తరగతి పాసై ఉండాలె అంటున్నరు మంగ్లీ, నేనేం చెయ్యాలె?" అని ఆయన తల గోక్కుంటే, "గంతేనా సారూ" అని మంగ్లి ఓపెన్ స్కూల్లో చేరింది. అప్పటికి ముప్ఫై ఆరేళ్లు. కూతురు జ్యోత్స్న ఆరో తరగతి. రాత్రి అన్నాలయ్యాక కూతురు తల్లికి లెక్కలు చెప్పేది, తప్పు చేస్తే స్కేలు ఎత్తేది. ఇంగ్లీషు ఒకసారి పోయింది. రెండోసారి ముప్ఫై ఎనిమిది మార్కులతో వచ్చింది. భర్త రెడ్యా థర్మల్ స్టేషన్‌లో బొగ్గు యార్డు కాంట్రాక్టు కార్మికుడు. షిఫ్టు నుంచి వస్తూ రెండు కిలోల జిలేబీ తెచ్చి తండా అంతా పంచాడు. ముప్ఫై ఎనిమిది అనే మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అప్పటి నుంచి వర్క్‌షాపు దాటే ప్రతి పెట్టెలో ఒక కాగితం ఉంటుంది. దాని అడుగున, "పరీక్షించినవారు" అన్నచోట, కుదురైన తెలుగు అక్షరాల్లో "బి. మంగ్లి" అని ఉంటుంది. అన్ని కాగితాలూ ఇంగ్లీషులోనే ఉన్నా సంతకం మాత్రం ఆమె తెలుగులోనే పెడుతుంది.

అసలు కథ ఒక ఉత్తరంతో మొదలైంది. ఎగుమతులు చేసే చిన్న కంపెనీల వాళ్లకు హైదరాబాద్‌లో ఒకరోజు క్లాసు ఉందని, ప్రతి కంపెనీ నుంచి ఒకరు తప్పకుండా రావాలని రాశారు. బాలకృష్ణ అప్పటికి రెండేళ్లుగా శ్రీలంక రైసుమిల్లులకూ నేపాల్ పాల కేంద్రాలకూ కొద్దికొద్దిగా వాల్వులు పంపుతున్నాడు. ఆ రోజే ఆయన బావమరిది పెళ్లి. కాగితాలు చూసే శారద పురిటికి పుట్టింటికి పోయింది.

"మంగ్లీ, నువ్వు పో" అన్నాడు.

"నేనా? గాడ నేనేం చెయ్యాలె సారూ?"

"ఏం లేదు. సంతకం పెట్టాలె, అన్నం తినాలె, బస్సెక్కి రావాలె. మన కుర్చీ ఖాళీగ ఉండొద్దు, గంతే."

మంగ్లి తెల్లవారకముందే బస్సెక్కింది. చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు, ల్యాప్‌టాపులు తెచ్చుకున్న మనుషులు. మొదటి గంట ఏమీ అర్థం కాలేదు. తర్వాత నాగలత అనే ఆఫీసరు మైకు అందుకుంది. నడివయసు మనిషి, ఊరు మధిర వైపట, తెలుగులోనే మాట్లాడింది.

"అణుబాంబులు, విషవాయువులు, రోగాలు పుట్టించే క్రిములు. ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టే ఆయుధాలు ఇవి. వీటిని దొంగతనంగా చేయాలనుకునేవాళ్లకు తయారైన బాంబు ఎవరూ అమ్మరండి. అందుకని ముక్కలు ముక్కలుగా కొంటారు. ఒక పంపు ఇక్కడ, ఒక మోటారు అక్కడ. అలా మన చేతి వస్తువు అటు పోకూడదని 2005లో మన దేశం చట్టం చేసింది. ఐక్యరాజ్యసమితి కూడా కొందరి మీదా, కొన్ని సంస్థల మీదా ఆంక్షలు పెట్టింది. వాళ్లకు డబ్బు సాయం చేసినా నేరమేనని 2022లో మన చట్టంలో కలిపారు."

మంగ్లి చేయి ఎత్తింది. బడిలో ఎత్తినట్టే, మోచేయి చెవికి ఆనించి.

"మేడం, మేం చేసేది వాల్వులు. అంటే పెద్ద నల్లాలు. నల్లాతోటి బాంబు ఎట్ల చేస్తరు?"

హాలంతా గొల్లున నవ్వింది. నాగలత నవ్వలేదు.

"మంచి ప్రశ్నమ్మా. నల్లాతో బాంబు చేయరు. కానీ విషం వండే ఫ్యాక్టరీకి నల్లా కావాలిగా? మామూలు నల్లా పెడితే ఆ యాసిడ్లు నెలలో తినేస్తాయి. అందుకని యాసిడ్ తినలేని నల్లా కోసం ప్రపంచమంతా తిరుగుతారు. అదే నల్లా మందుల ఫ్యాక్టరీకీ కావాలి. వస్తువు ఒక్కటే. ఎవరింటికి పోతోందన్నదే తేడా."

నవ్వినవాళ్లు సర్దుకుని కూర్చున్నారు. మంగ్లి మాత్రం ఆ తర్వాత ఒక్క మాట కూడా పోనివ్వలేదు. కొన్ని వస్తువుల జాబితా ఉంటుంది, వాటికి ఢిల్లీ అనుమతి కావాలి. జాబితాలో లేని వస్తువైనా సరే, తప్పుడు పనికి పోతోందని అనుమానం వస్తే ఆగాలి, అడగాలి. 'నాకు తెలియదు' అని కళ్లు మూసుకుంటే చట్టం ఒప్పుకోదు. కొనేవాడిని ఏమేం అడగాలో ఒక కాగితం మీద పదకొండు ప్రశ్నలు అచ్చువేసి ఇచ్చారు, ఇంగ్లీషులో. ఇంటికి వచ్చాక జ్యోత్స్నతో తెలుగులో రాయించి, టెస్టింగు బల్ల పక్క గోడకు అంటించింది.

"అన్నం మంచిగ పెట్టిన్రా?" అని మర్నాడు బాలకృష్ణ అడిగాడు.

"పెట్టిన్రు సారూ. గానీ సారూ, ఒక ముచ్చట చెప్పాలె..."

"తర్వాత, తర్వాత" అని ఆయన ఫోన్ ఎత్తుకున్నాడు. ఆయన అన్న ఆ 'తర్వాత' ఎప్పుడూ రాలేదు.

ఎండాకాలం మొదట్లో సుదర్శన్ అనే మనిషి హైదరాబాద్ నుంచి తెల్ల కారులో దిగాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో స్వీటు డబ్బా. విదేశాల్లో కొనేవాళ్లకూ ఇక్కడ తయారుచేసేవాళ్లకూ మధ్య నిలబడి బేరం కుదర్చడం తన పని అన్నాడు. రెండు వందల నలభై వాల్వులు కావాలట. లోపలంతా తెల్లటి పూత, ఏ యాసిడ్ పోసినా చెక్కుచెదరనిది. ఒకదాని మీద ఒకటి రెండు సీళ్లు, చుక్క కాదు గదా ఆవిరి కూడా బయటికి రాకూడదు. డ్రాయింగు ఆయనే తెచ్చాడు.

వర్క్‌షాపు మొత్తం ఎన్నడూ చూడనంత పెద్ద ఆర్డరు అది. బాలకృష్ణ ముఖం వెలిగిపోయింది. అందరికీ సమోసాలు తెప్పించాడు. మంగ్లి కూడా తిన్నది. తింటూ అడిగింది.

"ఏ ఫ్యాక్టరీకి సారూ గివి?"

సుదర్శన్ ఆమె చీర కొంగు దోపుకున్న తీరూ, నూనె అంటిన చేతులూ చూసి చిన్నగా నవ్వాడు. "పామాయిల్ ఫ్యాక్టరీకమ్మా. మీ జిల్లాలో పామాయిల్ తోటలు లేవూ? అలాంటిదే, సముద్రాల అవతల ఒకటి."

"మా పేరు రేకు ఏ దిక్కు బిగియ్యాలె?"

"పేరు రేకులు వద్దమ్మా. ఖాళీగా వదిలేయండి. వాళ్లకు వాళ్ల రేకులే కావాలట."

మంగ్లి సమోసా ముక్క నోట్లోనే ఉంచుకుని గోడ మీద కాగితం వైపు చూసింది. నాలుగో ప్రశ్న: తయారుచేసినవారి పేరు లేకుండా పంపమని అడుగుతున్నారా?

వారం గడిచింది. పని మొదలైంది. మొదటి అరవై వాల్వులు లేతు దిగి పూతకు పోయి వచ్చాయి. బయటినుంచి చూస్తే ముద్దుగా ఉన్నాయి. లోపల వేలు పెడితే పింగాణీ గిన్నెలా జారుతోంది. మంగ్లికి ఒక పక్క ముచ్చట వేసింది. ఇంత శుభ్రమైన పని తమ షెడ్డులో ఎప్పుడూ జరగలేదు. ఇంకో పక్క ఒక సందేహం పంటి కింద రాయిలా ఉండిపోయింది. పామాయిల్ తీసే చోట ఇంత ఖరీదైన పూత ఎందుకు?

ఆమె అన్న బిచ్యా దమ్మపేట వైపు ఒక పామాయిల్ ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. ఆదివారం నాడు రెడ్యాను లేపింది.

"అన్న కాడికి పోయొద్దాం పా."

"ఎందుకు?"

"నల్లాలు చూడాలె."

రెడ్యా మళ్లీ దుప్పటి కప్పుకోబోయాడు. "వారమంత నల్లాలే చూస్తివి గదా! ఆదివారం కూడా నల్లాలేనా?"

"వదిన నాటుకోడి కోస్తా అన్నది."

రెడ్యా దుప్పటి తీసేశాడు.

బస్సులో రెండు గంటల దారి. కొత్తగూడెం దాటి, అడవి దాటి, పామాయిల్ తోటల మధ్యలోకి వచ్చేసరికి ఎండ పైకెక్కింది. ఫ్యాక్టరీ గేటు ముందు ఎర్రటి గెలలు నింపిన ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. నూనె వాసన, ఆవిరి వాసన కలిసి ముక్కులు నిండిపోతున్నాయి. బిచ్యా చెల్లెల్ని చూసి సంబరపడ్డాడు. అధికారిని బతిమాలి ఒక్క పావుగంట లోపలికి తీసుకుపోయాడు.

మంగ్లి అన్నీ తాకి చూసింది. గెలలు ఉడికే పెద్ద డ్రమ్ముల దగ్గర ఆవిరి వాల్వులు. నూనె పారే పైపులకు మామూలు ఇనుప వాల్వులు, బయట అరంగుళం మందాన జిడ్డు, తుప్పు.

"గివి ఎన్నేండ్ల కింద పెట్టినయ్ అన్నా?"

"నేను రాకముందే ఉన్నయ్ చెల్లే. పన్నెండేండ్లు దాటింది."

షెడ్డు నుంచి వెంట తెచ్చిన కొత్త వాల్వును సంచిలోంచి తీసి ఆయన చేతిలో పెట్టింది. బిచ్యా లోపలికి తొంగి చూశాడు, వేలుతో రుద్దాడు, చెల్లెలి ముఖం చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు.

"గిది మా ఫ్యాక్టరీకా? చెల్లే, నూనె ఇనుమును తింటదా? ఇంకా తుప్పు పట్టకుంట కాపాడుతది. గీ పూత పెట్టి పామాయిల్ తీసుడంటే, పట్టుచీర కట్టుకొని పేడ ఎత్తినట్టే ఉంటది. ఎవడు చెప్పిండు నీకు?"

"కొనేటోడు."

"అయితే ఆడు పామాయిల్ ఫ్యాక్టరీని కంటితోటి చూసినోడు కాదు."

ఆ పూట నాటుకోడి కూర బాగా కుదిరింది. రెడ్యా మూడుసార్లు పెట్టించుకున్నాడు. మంగ్లికి మాత్రం సగం ముద్ద చేతిలోనే చల్లారిపోయింది.

సోమవారం పొద్దున బాలకృష్ణ గదిలోకి పోయి నిలబడింది. చూసింది చూసినట్టు చెప్పింది. ఆయన మొదట వినలేదు, విన్నాక ఒప్పుకోలేదు, ఆ తర్వాత గొంతు పెంచాడు.

"మనం అమ్మేది వాల్వు మంగ్లీ! దాంట్ల వాళ్లు నూనె పోసుకుంటరో నీళ్లు పోసుకుంటరో మనకేంది? గంత పెద్ద ఆర్డరు మళ్ల వస్తదా? కొత్త మిషన్‌కు అడ్వాన్స్ కూడా ఇచ్చిన. నువ్వు టెస్టు చెయ్యి, సంతకం పెట్టు. గంతే నీ పని!"

"టెస్టు చేస్త సారూ. ఒక్కటి కూడా కారదు, మంచి పని చేసిన్రు మనోళ్లు. సంతకం మాత్రం పెట్టను."

"ఏందీ?"

"నా పేరు గా కాయితం మీద ఉంటది. రేపు ఏడనో పోలగాండ్లు విషం పీల్చి పడిపోతే, గా విషం నా చెయ్యి తాకిన నల్లాలకెల్లి పోయిందని నాకు తెలువకపోవచ్చు. గానీ ఇప్పుడు అనుమానం వచ్చింది గద సారూ. వచ్చినంక పెడితే నాకు అన్నం పోదు."

బాలకృష్ణ కుర్చీ వెనక్కి తోసి బయటికి పోయాడు. మంగ్లి తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. పద్దెనిమిదేళ్లలో యజమానికి ఎదురు చెప్పడం అదే మొదలు. పని పోతే జ్యోత్స్న డిగ్రీ చదువు ఏమవుతుందో అన్న ఆలోచన వచ్చింది. వచ్చినా, లేచి వెళ్లి ఆ మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

రెండు రోజులు ఆయన ఆమెతో మాట్లాడలేదు. వాల్వుల గురించి ఏం చెప్పాలన్నా కుర్రాళ్లతో చెప్పి పంపాడు, ఆమె పది అడుగుల దూరంలోనే కూర్చుని ఉన్నా. మూడో రోజు పొద్దున తానే వచ్చి గోడ మీది కాగితం ముందు నిలబడ్డాడు. పదకొండు ప్రశ్నలూ చదివాడు. చదివినవాడు మళ్లీ మొదటినుంచి చదివాడు.

"గిది ఎప్పటి నుంచి ఉన్నది ఈడ?"

"చలికాలం నుంచి సారూ. మీకు చెప్పబోతే తర్వాత అన్నరు."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మెల్లగా అన్నాడు. "నిన్న బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. గీ ఆర్డరు కోసం పంపిన అడ్వాన్స్ వేరే దేశం నుంచి, వేరే పేరుతోటి వచ్చిందట. ఆపి పెట్టిన్రు. ఎవరీ మనిషని అడుగుతున్నరు. నాకు తెలిస్తే గద చెప్పనీకి!"

అప్పుడే సుదర్శన్‌కు ఫోన్ చేశాడు. ఫ్యాక్టరీ పేరు, ఊరు, యజమాని సంతకంతో ఉత్తరం, ఒక ఫొటో పంపమన్నాడు. అవతలి మనిషి మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, చివరికి మర్నాడు పంపుతానన్నాడు. మర్నాడు నిజంగానే పంపాడు. ఉత్తరం మీద గుండ్రటి ముద్ర ఉంది. దాంతోపాటు ఫ్యాక్టరీ రంగుల ఫొటో.

బాలకృష్ణ గుండెల మీద చేయి వేసుకుని ఊపిరి వదిలాడు. "చూసినవా? అంతా సక్కగనే ఉన్నది. నువ్వు ఉత్తగనే నన్ను భయపెట్టినవ్."

మంగ్లి కంప్యూటరు తెరకు ముక్కు ఆనించి చూసింది. పొడుగాటి పొగగొట్టం, ఎర్ర గెలల ట్రాక్టర్లు, నీలం రేకుల కప్పు. గేటు పక్కన రోడ్డు మీద ఒక బస్సు సగం కనిపిస్తోంది.

"సారూ, గా బస్సును జర పెద్దగ చెయ్యిరి."

పెద్దగా చేశాడు. బస్సు నుదుటి మీద తెలుగక్షరాలు మసకగా ఉన్నా చదవడానికి వస్తున్నాయి. అశ్వారావుపేట నుంచి ఖమ్మం.

బాలకృష్ణ తెర మీద వేలు పెట్టి ఆ రెండు పేర్లనూ మళ్లీ చదివాడు.

"నేను ఆదివారం గీ గేటు ముందలనే దిగిన సారూ. మా అన్న బాయిలరు గా పొగగొట్టం కిందనే ఉంటది."

బాలకృష్ణకు నవ్వు తన్నుకొచ్చింది. బల్ల మీద తల పెట్టుకుని, కళ్ల నీళ్లు కారేలా నవ్వాడు. "సముద్రాలు దాటి ఉన్న ఫ్యాక్టరీ అని మన అశ్వారావుపేట బస్సును పంపిండు! ఇంటర్నెట్ల దొరికిన ఫొటో పెట్టిండు వాడు!" మంగ్లి కూడా నవ్వింది. లేతు దగ్గరివాళ్లు పని ఆపి వచ్చి, సంగతి తెలుసుకుని వాళ్లూ నవ్వారు. నవ్వి నవ్వి ఆగాక బాలకృష్ణ ముఖంలో రంగు మారింది. తుండుతో నుదురు తుడుచుకున్నాడు.

"పంపి ఉంటే ఏమయ్యేది మంగ్లీ?"

"పంపలేదు గద సారూ. గా మేడం నంబరు నా దగ్గరున్నది."

నాగలత మూడు రోజుల్లో పాల్వంచ వచ్చింది, ఇంకో ఇద్దరు అధికారులతో, ప్రభుత్వ జీపులో. పక్క షెడ్ల వాళ్లు సోదాలేమో అనుకుని గబగబా షట్టర్లు దించుకున్నారు. టీ కొట్టాయన తన దుకాణానికి లైసెన్సు ఎక్కడ పెట్టాడో వెతుక్కున్నాడు. లోపల మాత్రం నాగలత స్టూలు మీద కూర్చుని ఒక్కో కాగితం తిరగేస్తూ అడిగినదానికల్లా మంగ్లితోనే సమాధానం చెప్పించుకుంది. డ్రాయింగు తీసుకుంది. అరవై వాల్వులనూ లెక్కబెట్టి సీలు వేయించింది.

"మీరు హాల్లో చేయి ఎత్తినావిడే కదూ?" అంది చివర్లో.

"అవ్ మేడం. అందరు నవ్విన్రు గదా, నేనే."

"ఆ రోజు నవ్వినవాళ్లలో ఇలా ఫోన్ చేసినవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు."

బాలకృష్ణ గొంతు సవరించుకుని తనకేమైనా కేసు ఉంటుందా అని అడిగాడు. అనుమానం రాగానే ఆపి, మీ అంతట మీరే చెప్పారు కాబట్టి మీరు సాక్షి మాత్రమే అని ఆమె చెప్పింది. అప్పటిదాకా నిలబడే ఉన్న మనిషి వెనక్కి చూడకుండా కూర్చోబోయి, కుర్చీ అక్కడ లేకపోవడంతో మంగ్లి భుజం పట్టుకుని ఆగాడు.

సుదర్శన్ ఫోన్ ఆ వారంలోనే మూగబోయింది. ఆ కొనుగోలుదారుకు అనుమతి లేదని రెండు నెలల తర్వాత ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ వాల్వులు అసలు ఏ ఊరికి పోవాల్సినవో, అక్కడ ఏం వండాలనుకున్నారో రాయలేదు. మంగ్లి ఒకసారి నాగలతను అడిగి చూసింది. చెప్పడానికి వీల్లేదమ్మా, అంది ఆమె. ఆ మాట చెప్పిన తీరును బట్టే మంగ్లికి కొంత అర్థమైంది. ఇక అడగలేదు.

నష్టం కొంత తప్పలేదు. కొత్త మిషన్ ఆ ఏడు రాలేదు. సీలు విప్పాక ఆ అరవై వాల్వులనూ పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీ తీసుకుంది. ఆ ఫ్యాక్టరీ ఇంజినీరు స్వయంగా వచ్చి వాల్వులను చూసి, ఎవరు టెస్టు చేశారని అడిగి, మంగ్లి చేతికి దండం పెట్టినంత పని చేశాడు. ఆ అరవై కాగితాల మీదా మంగ్లి కూర్చున్న చోటు నుంచి లేవకుండా సంతకాలు పెట్టింది.

దసరాకు ముందు ఖమ్మంలో అలాంటి క్లాసే పెట్టి, ఈసారి మాట్లాడడానికి రమ్మని నాగలత పిలిచింది. మంగ్లి వారం రోజులు రెడ్యాను ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడడం నేర్చుకుంది. ఆయన రెండో నిమిషానికే కునుకు తీసేవాడు. అయినా అసలు రోజున మైకు అందుకునేసరికి రాసుకున్నదంతా మరిచిపోయింది. నాటుకోడి కూర దగ్గర మొదలుపెట్టి బస్సు ఫొటో దాకా ఇంట్లో చెప్పినట్టే చెప్పేసింది. ముందు వరుసలో ముదిగొండ నుంచి వచ్చిన ప్రమీల అనే ఆమె, స్ప్రేయర్ల విడిభాగాలు చేస్తుందట, నవ్వలేక కడుపు పట్టుకుంది. క్లాసు అయ్యాక నంబరు తీసుకుంది. ఇప్పుడు వారానికి ఒకసారైనా ఫోన్ చేస్తుంది. "అక్కా, గీ కొనేటోడు గిట్ల రాసిండు, ఏమనాలె?" అని. ఆమె ఇంకో ముగ్గురికి ఆ నంబరు ఇచ్చింది.

"నువ్వు ఢిల్లీ ఆఫీసువైనవ్. మాకు అన్నం మాత్రం తొమ్మిదింటికి పెడుతున్నవ్" అంటాడు రెడ్యా.

"వంటగది తాళం ఏసి పోతున్ననా ఏంది? వండు."

వండడం నేర్చుకుంటున్నాడు. పప్పు వస్తుంది. మిగతావి ఇంకా రాలేదు.

ఈ ఏడు మొదట్లో టాంజానియాలోని ఒక చక్కెర మిల్లు వాళ్లు వాల్వులు అడిగారు. మంగ్లి పదకొండు ప్రశ్నలూ పంపింది. వాళ్లు పదకొండింటికీ సమాధానాలు రాసి, మిల్లు వీడియో కూడా పంపారు. చెరకు బండ్లు, ఆవిరి, చేతులూపుతున్న కూలీలు. బాలకృష్ణ వీడియోలో బస్సులన్నీ ఆపి ఆపి చూశాడు. ఒక్కదాని మీదా తెలుగు లేదు. ఆర్డరు కుదిరాక వాళ్లు ఒక కోరిక కోరారు: వాల్వులు బిగించేటప్పుడు దగ్గరుండి చూపించడానికి మీ టెస్టరును వారం రోజులు పంపగలరా?

పాస్‌పోర్టు విచారణకు కానిస్టేబుల్ రేగులతండాకు వచ్చిన రోజు పొలాలకు పోవాల్సినవాళ్లు కూడా ఆగిపోయారు. వాకిట్లో మంచం వాల్చారు. కొత్త గ్లాసులో నీళ్లిచ్చారు. కానిస్టేబుల్ కాగితం మోకాలి మీద పెట్టుకుని అడిగాడు.

"ఏం పని మీద పోతున్నవమ్మా?"

"నల్లాలు బిగియ్యనీకి సారూ."

"ఆఫ్రికాకా?" అని ఆయన పెన్ను ఆపి చూశాడు.

తండా పెద్దలు, పిల్లలు, మేకలతో సహా అందరూ మంగ్లి ఏం చెబుతుందా అని మీదికి వంగారు. ఆమె సిగ్గుపడుతూ కొంగు సవరించుకుంది. ఆమె నోరు తెరిచేలోపే, అప్పటిదాకా ద్వారబంధానికి ఆనుకుని నిలబడి ఉన్న రెడ్యా గట్టిగా అన్నాడు.

"అవ్ సారూ, ఆఫ్రికాకే. మంచిగ పెద్దక్షరాలల్ల రాసుకోరి!"